యాభై నిండేదాకా ఎవరు చూస్తారు?

2021లో కేంద్రం పాత బండ్లకి రూల్ తెచ్చింది. 50 ఏళ్ళు దాటి, అసలు రూపం మారని కారైనా బైకైనా ‘వింటేజ్’. నంబర్‌లో ‘వీఏ’ అక్షరాలు, 20 వేల ఫీజు. మంచిదే. కానీ ఏ బండీ పుట్టుకతో వింటేజ్ కాదు కదా! మామూలు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకే అయిపోతుంది. ఆపైన ఐదేళ్ళకోసారి ఫిట్‌నెస్, రెన్యువల్. మధ్యలో ఆ 35 ఏళ్ళు తుక్కులోకి పోకుండా చూసేదెవరు?

రాజుల రోల్స్‌రాయిస్‌లకి భయం లేదు. భయమంతా అంబాసిడర్, పద్మినీలకే. వాటిని బతికించేది పిచ్చి ఉన్న నలుగురు. ఒకరి దగ్గర కార్బ్యురేటర్ ఉంటే, ఇంకొకరికి దాన్ని ట్యూన్ చేయడం వచ్చు. అందుకే ఈ హాబీ ఒంటరిగా నడవదు.

1930ల్లో కాలిఫోర్నియా కుర్రాళ్ళు చవక పాత ఫోర్డ్‌లు కొని, మడ్‌గార్డులు పీకేసి, ఎండిన సరస్సుల మీద ఉరికించారు. 1937లో క్లబ్బులు కలిసి సంఘం పెట్టుకుని రూల్స్ రాసుకున్నాయి. అప్పటి ఆ పాత డబ్బాలు ఇప్పుడు మ్యూజియంలలో ఉన్నాయి.

పొగ కక్కే బండిని ఆపండి, ఒప్పుకుంటా. కానీ వయసు కాదు, కండిషన్ చూసి ఆపండి. ఫ్రెండ్స్, మీ ఇంటి వెనక టార్పాలిన్ కింద తాతగారి కారుంటే, తుక్కు కొట్టుకి ఫోన్ చేసేముందు ఒక్కసారి బానెట్ ఎత్తి చూడండి.