విత్తన సంచి మీద కాడ బలం కూడా రాయాలి

కోతకు వారం ఉందనగా తుపాను వస్తే మా గోదావరి డెల్టాలో తెల్లారేసరికి వరి చేను చాపలా పరుచుకుని ఉంటుంది. దుబ్బులు లేపి కట్టలు కట్టాలి, గింజ మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లాలి. 30 ఏళ్లు వృక్షశాస్త్రం పాఠం చెప్పాను. అయినా పడిన చేను చూస్తే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

కాడను నిలబెట్టేది దాని కణాల గోడ. లోపలి నీరు కారు టైరులో గాలి కంటే గట్టిగా ఆ గోడను తోస్తుంటే, సెల్యులోజ్ పోగులు దాన్ని బిగించి పట్టుకుంటాయి. ఆ పోగులు నేసేవి కణం పైపొరలో ఉండే ఎంజైముల గుంపులు. పొర కిందున్న సూక్ష్మనాళికల దారి పట్టుకుని, వెనకే పోగు వదులుతూ సాగిపోతాయి. 2006లో అమెరికా శాస్త్రవేత్తలు ఆవాల కుటుంబపు చిన్న మొక్క అరబిడాప్సిస్‌లో ఆ కదలికను కళ్లారా చూశారు. పోగులు పీపాకు ఇనుప పట్టీల్లా అడ్డంగా చుట్టుకుంటే కణం లావెక్కకుండా పొడవు సాగుతుంది. సాగడం ఆగాక లోపలివైపు మరో మందపాటి గోడ లేస్తుంది. అసలు బలం అదే. ఆ నేత చెడిన వరి మొక్కలూ ఉన్నాయి, కాడ వంచితే పుటుక్కున విరుగుతుంది.

1967లో ఆచంటలో రైతు నెక్కంటి సుబ్బారావు గారు ఐఆర్8 అనే పొట్టి వరి వంగడం పండిస్తే మా నాన్న సైకిలు మీద వెళ్లి చూసొచ్చారు. ఆ వంగడంలోని జన్యువు మొక్కను సాగదీసే జిబ్బరెల్లిన్ హార్మోన్‌ను తగ్గించి పొట్టిగా ఉంచింది. పడిపోవడం తగ్గింది. కానీ పొట్టిదైనంత మాత్రాన కాడ గోడ మందంగా ఉంటుందని కాదు. పైగా యూరియా గుమ్మరిస్తే అడుగు కణుపుల మధ్య భాగం సాగి, గోడ పలచబడుతుంది. “పైరు నల్లగా ఉందని మురిసిపోకురా, పడిపోద్ది” అనేవారు నాన్న. ఆ మాటకు కారణం నాకు కాలేజీలో గానీ తెలియలేదు.

కొత్త వంగడం గురించి చెప్పేటప్పుడు దిగుబడి, పంట కాలం, తెగుళ్లు అంకెలతో వివరిస్తారు. కాడ దగ్గరికొచ్చేసరికి “పడిపోదు” అన్న ఒక్క మాటతో సరిపెడతారు. ఎంత గాలికి, ఎంత యూరియాకు? అడుగు కణుపుల మధ్య ముక్కను రెండు దన్నుల మీద పెట్టి, మధ్యలో బరువు వేలాడదీసి, ఎన్ని గ్రాములకు విరిగిందో చూడొచ్చు. పెద్ద యంత్రం అక్కర్లేదు. అన్ని వంగడాలకూ ఒకే పద్ధతిలో, రెండు మూడు యూరియా మోతాదుల్లో కొలిచి ఆ అంకెను విత్తన సంచి మీద అచ్చు వేయాలి. డిసెంబరు తుపానుకు ఎదురు నిలవాల్సిన చేనుకు ఏ విత్తనం కొనాలో రైతు జూన్‌లోనే అంకె చూసి తేల్చుకుంటాడు.