తూనిక దగ్గరే తగాదా

బాక్సింగు అంటే నాకు తెలిసిందల్లా మహమ్మదాలీ. ఏనుగుల్లాంటి ఇద్దరు మనుషులు కుమ్ముకోవడం అన్నమాట. యాభై అయిదు కిలోల వాళ్ళ ముష్టియుద్ధం కోసం జనం రాత్రిళ్ళు కూర్చుని వాదించుకుంటారంటే నమ్మేవాణ్ణి కాదు. 2024 ఏప్రిల్ ఆఖరున మా మేనల్లుణ్ణి చూడడానికి టోకియో వెళ్ళి, ఆ వాదన చెవులారా విని వచ్చాను.

వాడు రోజూ రాత్రి భోంచేసే చిన్న హోటలు ఒకటుంది. ఎనిమిది మంది కూర్చుంటే తొమ్మిదోవాడు నిలబడాలి. నేను శాకాహారిని గనక నాకక్కడ అన్నమూ, ముల్లంగి ఊరగాయా తప్ప గతి లేదు. తినేది తక్కువ కావడంతో వినేది ఎక్కువయింది. మేనల్లుడు పక్కన కూర్చుని అంతా తెలుగు చేసి చెప్పేవాడు.

మే 6న టోకియో డోమ్‌లో వాళ్ళ నవోయా ఇనోయేకీ, మెక్సికో లూయిస్ నెరీకీ పోటీ. 1990లో టైసన్‌ను డగ్లస్ పడగొట్టిన చోటే. ఆ తరువాత అక్కడ మళ్ళీ బాక్సింగు జరగడం ఇదే మొదలట. బరువు సూపర్ బాంటమ్, అంటే 122 పౌన్లు మించకూడదు. బాంటమ్ అంటే పొట్టిజాతి కోడి. కోడిపందేల జిల్లాలో పుట్టినవాణ్ణి కావడాన, ఆ మాట వినగానే నాకు ఆట మీద కాస్త గౌరవం కలిగింది. ఒక్కొక్క బరువుకీ ఛాంపియన్ పట్టాలిచ్చే పెద్ద సంస్థలు నాలుగున్నాయి. ఆ నాలుగు పట్టాలూ ఇనోయే 2022లో ఒక బరువులోనూ, 2023లో ఇంకో బరువులోనూ పోగుచేశాడు.

చిత్రమేమిటంటే, ఎవరు గెలుస్తారన్నది అక్కడ వాదనే కాదు. నెరీ తూకానికి సరిపోతాడా లేదా అన్నదే అసలు తగాదా.

కారణం ఉంది. 2018 మార్చిలో ఈ నెరీయే వాళ్ళ యమనకతో పోటీకి వచ్చి, తూనిక నాడు 118 పౌన్ల హద్దు మీద 5 పౌన్లు ఎక్కువ తూగాడు. మళ్ళీ తూచితే 3 పౌన్లు ఎక్కువ. పట్టా అక్కడే ఊడింది గాని, మర్నాటి పోటీ ఆగలేదు. రెండో రౌండులో యమనక పని అయిపోయింది. అతను మరి బరిలోకి దిగలేదు. నెరీని జపాను గడప తొక్కనివ్వబోమన్నారు. ఆరేళ్ళ తరువాత ఇప్పుడు తలుపు తెరిచారు.

"తెరవకూడదు," అన్నాడు మూల బల్ల పెద్దాయన. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడట. "శిక్ష ఆరేళ్ళు అనుభవించాడు గదండీ," అన్నాడో టై కట్టిన కుర్రాడు. నెరీ తూకం తప్పితే బరిలోకి దించడానికి డొహెనీ అనే వాణ్ణి సిద్ధంగా ఉంచారని మరొకాయన చెప్పాడు. పెళ్ళికొడుకు రాకపోతే తోడిపెళ్ళికొడుకుతో ముహూర్తం కానిచ్చినట్టు!

హోటలావిడ నా ఖాళీ పళ్ళెం చూసి, "ఈయన్ని పంపిస్తే ఏ తూకానికయినా సరిపోతాడు," అంది. అందరూ నవ్వారు. నవ్వనిది పెద్దాయన ఒక్కడే.

తూనిక పోటీకి ముందురోజు. వారం ముందునుంచీ ఒంట్లో నీరు చెమటగా తీసేసి, ముల్లు హద్దులో నిలిచాక మళ్ళీ తాగి తిని మర్నాడు బరిలోకి దిగుతారు. తేలిక బరువుల్లో పౌను పౌనుకీ అందుకే అంత పట్టుదల. దెబ్బలు మాత్రం తేలిక కావు. 2023 డిసెంబరు 26న ఇనోయే గెలిచిన రాత్రే, అదే హాల్లో, అనగుచి అనే ఇరవైమూడేళ్ళ బాంటమ్ కుర్రాడు ఓడి, తలకు ఆపరేషను జరిగి, ఫిబ్రవరి 2న చనిపోయాడు. పెద్దాయన ఆ రాత్రి హాల్లోనే ఉన్నాడట. చప్పట్లు కొట్టానన్నాడు. ఆ తరువాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మే 5న నెరీ 54.8 కిలోలు తూగాడు. హద్దుకు లోపలే. పెద్దాయన తిట్లన్నీ వృథా అయిపోయాయి. పోటీ మేనల్లుడి గదిలో చూశాం. మొదటి రౌండులోనే నెరీ ఎడమచేతి దెబ్బకు ఇనోయే కిందపడ్డాడు, జీవితంలో మొదటిసారి. నా గుండె ఆగినంత పనైంది. నేనెప్పుడు అతని పక్షం చేరానో నాకే తెలియదు. లేచాడు. ఆరో రౌండులో నెరీ కథ ముగించాడు. ఆ రాత్రే హోటల్లో తరువాతి పోటీ ఎవరితో అన్న చర్చ మొదలైంది.

2025 ఆగస్టులో మేనల్లుడు ఫోను చేశాడు. కొరకుయెన్ హాల్లో ఒకే రోజు పోటీలు ఆడిన ఇద్దరు, కోతరి, ఉరకవ, ఒకరి తరువాత ఒకరు పోయారు. ఇద్దరికీ ఇరవై ఎనిమిదేళ్ళే. ఓరియంటల్ పసిఫిక్ పట్టా పోటీలను పన్నెండు రౌండ్లనుంచి పదికి తగ్గించారట.

"పెద్దాయన ఏమంటున్నాడ్రా?" అని అడిగాను.

"పది కూడా ఎక్కువే అంటున్నాడు మావయ్యా. ఇనోయే పోటీకి టిక్కెట్టు మాత్రం కొనుక్కున్నాడు."