నేల దాచిన సాక్ష్యం

భూమికి మన పూర్వులు ‘వసుంధర’ అనీ, ‘రత్నగర్భ’ అనీ పేర్లు పెట్టారు. ధనాన్ని ధరించినది, కడుపులో రత్నాలు దాచుకొన్నది అని వాటికి అర్థం. ఈ మాటలు వినగానే మన మనసు బంగారం మీదికి పోవడం సహజం. కాని నేల దాచుకొన్న వాటిలో అన్నింటికంటె విలువైనది బంగారం కాదు, సాక్ష్యం. బంగారం మళ్లీ సంపాదించుకోవచ్చు. చెరిగిపోయిన సాక్ష్యాన్ని ఏ ధనమూ తిరిగి తేలేదు.

గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల నడుమ వరదలు పరచిన ఒండ్రుమట్టితో ఏర్పడిన సీమ కోనసీమ. ఇక్కడ ఎక్కడో ఒకచోట నేలను తవ్వని రోజు ఉండదు. కొబ్బరి మొక్క నాటడానికి గొయ్యి, ఇంటికి పునాది, చేపలకు చెరువు, మంచినీటికి గొట్టం, ఇలా అవసరం ఏదైనా పార పట్టక తప్పదు. ఆ పారకు ఒక్కొక్కప్పుడు కుండపెంకో, వెడల్పాటి పాత ఇటుకో, చిలుము పట్టిన రాగి ముక్కో తగులుతుంది. అప్పుడు తవ్వేవాడు ఏం చేస్తాడన్న దానిమీదనే ఒక ఊరి చరిత్ర మిగలడమో, మాసిపోవడమో ఆధారపడి ఉంటుంది.

ఈ సీమకు నేలలోని వస్తువులతో అనుబంధం కొత్తది కాదు. ఆత్రేయపురం మండలంలోని ర్యాలిలో వెలసిన జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం భూమిలోనే దొరికిందని స్థలపురాణం. కొయ్య రథపు శీల రాలిన చోట తవ్వించగా స్వామి బయటపడ్డాడనీ, అందుకే ఆ ఊరికి ఆ పేరు వచ్చిందనీ చెబుతారు. రాజోలు ప్రాంతంలో, మామిడికుదురు మండలం ఆదుర్రులో ఇటుకలతో కట్టిన బౌద్ధ స్తూపపు శిథిలాలు నేటికీ ఉన్నాయి. ఒకటి భక్తుల విశ్వాసం, మరొకటి కంటికి కనిపించే కట్టడం. రెండూ చెప్పేది ఒక్కటే. మన కాళ్ల కింద మరొక కాలం ఉంది.

నేల దాచిన లోహం ఎంతటి సాక్ష్యమో తెలియాలంటే నందంపూడి శాసనాన్ని తలచుకోవాలి. క్రీ.శ. 1053 ప్రాంతంలో రాజరాజనరేంద్రుడు నారాయణభట్టుకు నందంపూడి గ్రామాన్ని దానం చేస్తూ వేయించిన రాగిరేకుల శాసనం అది. దానిని రచించినవాడు సాక్షాత్తు నన్నయభట్టు. భారతాంధ్రీకరణలో నన్నయకు తోడ్పడినవాడు నారాయణభట్టు. ఈ ఇద్దరి పేర్లనూ మన ఆదికావ్యానికి వెలుపల కూడా నిలిపి చూపుతున్నది ఆ రాగిరేకులే. ఆ గ్రామం ‘రెండేరులనడిమి విషయం’లో ఉన్నదని శాసనం చెబుతుంది. ‘విషయం’ అంటే నాటి పాలనలో ఒక నాడు. రెండు ఏరుల నడిమి సీమ! కోనసీమకు ఇంతకంటె తగిన పేరు ఉంటుందా? తూకానికి అమ్మితే ఆ రేకులకు రాగి ధర మాత్రమే వచ్చేది. కంచరి మూసలో కరిగి ఉంటే ఆ పేరూ వాటితోపాటే కరిగిపోయేది.

వస్తువు ఎంత ముఖ్యమో, అది దొరికిన చోటు కూడా అంతే ముఖ్యం. 2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో పురావస్తు శాఖవారు తవ్వకాలు జరుపుతుండగా ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు లభించాయి. అవి ఇక్ష్వాకుల కాలం నాటివని నిపుణులు నిర్ణయించారు. సీసానికి సంతలో పలికే ధర ఎంత? అయినా అవి దొరికిన లోతు, పక్కనున్న వస్తువులు, కుండ నిలిచిన తీరు అన్నీ నమోదు కావడం వల్ల వాటి విలువ ఎన్నో రెట్లు పెరిగింది. అవే నాణేలు ఎవరో రహస్యంగా తవ్వి తీసి ఉంటే చరిత్రలో వాటి స్థానం గుర్తించడం కష్టమయ్యేది.

మరి దొరికినవారు ఎందుకు దాస్తారు? ఆశ కొంత, భయం కొంత. నా అభిప్రాయంలో భయమే ఎక్కువ. “చెబితే అంతా ప్రభుత్వం పట్టుకుపోతుంది, పైగా కచేరీల చుట్టూ తిరగాలి” అన్న మాట పల్లెల్లో బలంగా నాటుకొన్నది. చట్టం చెప్పేది వేరు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. దానికి హక్కుదారు ఎవరూ లేరని తేలినప్పుడు, వేరే ఒప్పందమేదీ లేకపోతే, కనుగొన్నవారికి నాలుగింట మూడు వంతులు, భూమి యజమానికి మిగిలిన వంతు చెందుతాయి. ప్రభుత్వమే తీసుకోదలిస్తే ఆ లోహపు విలువకు అయిదవ వంతు అదనంగా చేర్చి చెల్లించాలి. దాచినవారు మాత్రం తమ వాటాను పోగొట్టుకొని శిక్షకు పాత్రులవుతారు. అంటే చెప్పినవాడికి లాభం, దాచినవాడికి నష్టం. ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

చెప్పేవారు లేకపోలేదు. 2022లో ఏలూరు జిల్లా కొయ్యలగూడెం మండలంలో పామాయిల్ తోటలో గొట్టం కోసం తవ్వుతుండగా మట్టి పిడతలో 18 బంగారు నాణేలు బయటపడ్డాయి. అవి రెవెన్యూ అధికారుల చేతికి చేరాయి. ఇటువంటి నిజాయితీ నిలవాలంటే ప్రభుత్వం కూడా తన వంతు చేయాలి. వస్తువు అప్పగించిన క్షణంలోనే రసీదు ఇవ్వాలి. రావలసిన వాటా జాప్యం లేకుండా అందించాలి. అన్నింటికంటె మించి, ఆ వస్తువు ఏమైందో ఆ ఊరివారికి తెలియజేయాలి. “ఇచ్చిన వస్తువు గదిలో పడి మూలుగుతుంది” అనే విమర్శను కొట్టిపారేయలేం. రాజమహేంద్రవరంలో రాళ్లబండి సుబ్బారావు పేరిట మ్యూజియం ఉంది. 1922లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది కూడా ఆ నగరంలోనే. ఆ సంప్రదాయం కోనసీమకూ విస్తరించాలి. 2022లో అమలాపురం కేంద్రంగా జిల్లా ఏర్పడింది. ఇక్కడ దొరికినవాటిని ఇక్కడివారు చూసే ఏర్పాటు ఉండడం న్యాయం.

ఇంకొక కీడును కూడా తలచుకోవాలి. గుప్తనిధుల పేరిట పాత గుడులను తవ్వి, విగ్రహాలను పెకలించేవారు ఉన్నారు. మంత్రాలతో నిధి వెతికేవాడికి సాధారణంగా దక్కేది కేసు మాత్రమే. ఊరికి మిగిలేది విరిగిన రాయి.

కనుక విద్యార్థులు గ్రహించవలసినది స్వల్పం, ఆచరించవలసినది సులభం. మీ ఇంటి దొడ్డిలోనో, తోటలోనో పాత వస్తువు కనబడితే పార ఆపించండి. దానిని తోమకండి, మెరుగు పెట్టకండి. చిలుములో కూడా చరిత్ర ఉంటుంది. దొరికిన చోటును, లోతును, తేదీని రాసుకొని తహసీల్దారుకు తెలియజేయండి. చట్టం తెలియని పెద్దలకు మీరు విడమరచి చెప్పండి. తాతల నాటి పొలం పత్రాలను మనం భద్రంగా దాచుకొంటాం. ఈ నేల మనదని చెప్పే అంతకంటె పాత పత్రాలు నేలలోనే ఉన్నాయి. వాటిని చించకుండా చదవడం నేర్చుకోవడమే మన విద్యకు సార్థకత.