ఇసుక మనది, అయస్కాంతం వారిది

శ్రీకాకుళం జిల్లా భావనపాడు నుంచి విశాఖ జిల్లా భీమిలి దాకా తీరపు ఇసుకలో తేనె రంగు మోనజైట్ రేణువులు కలిసి ఉంటాయి. దేశంలో గుర్తించిన మోనజైట్ సుమారు కోటీ 30 లక్షల టన్నులైతే, అందులో నాలుగో వంతుకు మించి ఆంధ్రప్రదేశ్‌దే. ఆ రేణువుల్లోని లోహాల్లో ఇప్పుడు ప్రపంచం వెంటపడుతున్నది నియోడిమియం కోసం.

1885లో వియన్నాలో కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్ దీన్ని విడదీశాడు. వెండిలా మెరుస్తుంది కానీ గాలి తగిలితే పెచ్చులూడిపోతుంది. గాజుకు ఊదా రంగు అద్దడానికీ, తర్వాత లేజర్లకూ పనికొచ్చింది. దాని అసలు సత్తా బయటపడింది 1980లలో. జపాన్‌లోని సుమిటొమోలో మసాటో సగావా, అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధకులు విడివిడిగా దాన్ని ఇనుము, బోరాన్‌లతో కలిపి అత్యంత శక్తిమంతమైన శాశ్వత అయస్కాంతం తయారుచేశారు. విద్యుత్ కారు మోటారు, గాలిమర, హార్డ్ డిస్క్, క్షిపణి అన్నిటికీ అదే కావాలి. దానికో బలహీనత ఉంది: వేడెక్కితే పట్టు సడలుతుంది. అందుకే కూరలో ఉప్పులా కాస్త డిస్ప్రోసియం, టెర్బియం కలుపుతారు. 2025 ఏప్రిల్‌లో చైనా ఎగుమతి ఆంక్షలు పెట్టింది సరిగ్గా ఈ ఉప్పు మీదే. దెబ్బకు మన వాహన పరిశ్రమా ఉలిక్కిపడింది.

భూమి పొరల్లో నియోడిమియం సీసం కంటే ఎక్కువే. చిక్కంతా విడదీయడంలోనే. దాని తోబుట్టువు లోహాలన్నిటి రసాయన గుణం దాదాపు ఒకటే. ద్రావకాలతో వందల దశల్లో కడిగితే తప్ప విడిపోవు. ఆమ్ల వ్యర్థాలు మిగులుతాయి. మోనజైట్‌లోనైతే రేడియోధార్మిక థోరియం కూడా ఉంటుంది. ఈ మురికి పనిని చైనా దశాబ్దాల పాటు ఓపికగా చేసింది. నేడు ప్రపంచంలో శుద్ధి అయ్యే నియోడిమియంలోనూ, తయారయ్యే అయస్కాంతాల్లోనూ పదింట తొమ్మిది వంతులు దానివే.

మనం వెనకబడటానికి ఆలస్యంగా మొదలుపెట్టడం కారణం కాదు. కేరళలోని అలువాలో 1952లోనే మోనజైట్ శుద్ధి మొదలైంది. అక్కడే ఆగిపోయాం. ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ ఒడిశాలో తీసిన ముడిసరుకు విశాఖ దగ్గర జపాన్ సంస్థ కర్మాగారంలో శుద్ధై, అయస్కాంతంగా మారడానికి జపాన్ వెళ్లేది. 2023లో విశాఖలో ఐఆర్‌ఈఎల్ ప్రారంభించిన అయస్కాంత కర్మాగారం సమేరియం-కోబాల్ట్ రకానిది; సామర్థ్యం ఏడాదికి 3 టన్నులే. రక్షణ అవసరాలకు మంచిదే, కార్ల పరిశ్రమకు ఏ మూలకు?

2025 నవంబరులో కేంద్రం ఏటా 6,000 టన్నుల అయస్కాంతాల తయారీకి 7,280 కోట్ల రూపాయల పథకం ఆమోదించింది. ప్రోత్సాహకాన్ని అమ్మకాలకు ముడిపెట్టడం తెలివైన పనే. అయితే అయస్కాంతం బరువులో సుమారు 30 శాతం నియోడిమియం లాంటి లోహాలే. అంటే ఏటా 1,800 టన్నులు కావాలి. ప్రస్తుత దేశీయ ఉత్పత్తి అందుకు చాలదు కనుక తీరం మీద ఒత్తిడి పెరగక తప్పదు.

ఇసుక తవ్వి, ఆక్సైడ్ తీసి, ఓడెక్కించడానికైతే మన మత్స్యకార గ్రామాలు తీరం వదులుకోవలసిన అవసరం లేదు. కొత్త తవ్వకానికి అనుమతిస్తే ఆ లోహం ఇక్కడే అయస్కాంతమవుతుందన్న షరతు, థోరియం వ్యర్థాల లెక్క ఊరి ముందు పెట్టాలన్న షరతు అదే ఉత్తర్వులో ఉండాలి. రాష్ట్ర ప్రభుత్వం ఢిల్లీని అడగాల్సింది ఇదే.