ఫిర్యాదులో పేరు రాసేముందు

శ్రీనగర్ కాలనీ అపార్ట్‌మెంట్ల వాళ్లందరికీ,

ఇంట్లో గొలుసు కనబడకపోతే మన నోట మొదట వచ్చేది పనమ్మాయి పేరు, ఆ తర్వాత వాచ్‌మన్, డ్రైవర్. ‘స్టేషన్‌లో గట్టిగా అడిగితే చెప్పేస్తుందండీ’ అని బాగా చదువుకున్నవాళ్లం కూడా అనేస్తాం. ఆ గట్టిగా అడగడం ఎక్కడిదాకా పోతుందో చూశాం. ఒక చర్చి ఫాదర్ ఇంట్లో వంట చేసే మరియమ్మను 2 లక్షల రూపాయలు పోయాయన్న ఫిర్యాదుపై పట్టుకెళ్లారు. 2021 జూన్ 18న అడ్డగూడూరు పోలీసుల కస్టడీలో ఆమె ప్రాణం పోయింది. ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్లను ఉద్యోగంలోంచి తీసేశారు. పిల్లలకు తల్లి మాత్రం తిరిగి రాలేదు. 2024లో షాద్‌నగర్‌లో, బంగారం పోయిందన్న ఫిర్యాదుతోనే, ఒక దళిత మహిళను స్టేషన్‌లో కొట్టారన్న ఆరోపణపై ఇన్‌స్పెక్టర్ సస్పెండయ్యారు. రెండుచోట్లా లాఠీ కంటే ముందు కదిలింది ఫిర్యాదు రాసిన చెయ్యి.

అందుకే నా మొదటి మనవి మనకే. వస్తువు పోతే ఫిర్యాదు తప్పక ఇవ్వండి. ఏం పోయింది, చివరిసారి ఎప్పుడు చూశారు, ఎవరెవరు వచ్చి వెళ్లారు, అన్నీ రాయండి. ఆధారం లేకుండా ఎవరినీ దొంగ అని మాత్రం రాయకండి.

పనమ్మాయిని పోలీసులు పిలిపిస్తే మనలో ఒకరం వెంట వెళ్దాం. పనిచేసే ఇంట్లో దొంగతనానికి గరిష్ఠ శిక్ష 7 ఏళ్లు. అలాంటి కేసుల్లో అవసరం చూడకుండా అరెస్టు చేయొద్దని సుప్రీంకోర్టు 2014లోనే అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. అరెస్టు అక్కర్లేనప్పుడు కొత్త నేర విచారణ ప్రక్రియ చట్టమైన బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) కింద నోటీసిచ్చి పిలవాలి. సాక్షిగా అయితే ఆడవాళ్లను స్టేషన్‌కు రప్పించకూడదు, వాళ్లింటికే వెళ్లి అడగాలి. పొద్దుగూకాక మహిళను అరెస్టు చేయాలంటే అసాధారణ కారణం, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి ఉండాలి. అరెస్టు కారణాలు ఆమెకు అర్థమయ్యే భాషలో రాసివ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంటివాళ్లకు కబురు చేయాలి, లాయరును కలవనివ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. పోలీసుల దగ్గర నేరం ఒప్పుకున్నంత మాత్రాన కోర్టులో అది రుజువు కాదు. కాబట్టి కొట్టించడం వల్ల మీ కేసుకూ బలం రాదు.

స్టేషన్‌కు మంచి పేరుంటే ఈ నియమాలన్నీ వాటంతటవే అమలవుతాయనుకోకండి. మన పంజాగుట్ట స్టేషన్ 2017 సంవత్సరానికి దేశంలో రెండో ఉత్తమ స్టేషన్‌గా ఎంపికైంది. 2024 జనవరి 31న అదే స్టేషన్‌లో 80 మందికి పైగా సిబ్బందిని ఒక్క ఉత్తర్వుతో మార్చేశారు. మంచి అధికారి ఉన్నప్పుడే దొరికే హక్కును నమ్ముకుని పేదవాళ్లు బతకలేరు.

అసోసియేషన్ పెద్దలు వచ్చే మీటింగులో ఈ విషయం చర్చకు పెట్టండి. స్టేషన్‌కు వెంట వెళ్లడానికి కాలనీలోని లాయర్లు, అర్ధరాత్రయినా ఫోనెత్తగలిగినవాళ్లు పేర్లివ్వండి. ఉచిత న్యాయసహాయం నంబరు 15100ను లిఫ్టు పక్కన, వాచ్‌మన్ గది గోడ మీద తెలుగు, ఉర్దూ, హిందీల్లో రాయించండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా లాయరును ఇస్తారు. ఎల్లారెడ్డిగూడ, యూసుఫ్‌గూడ బస్తీల నుంచి మన ఇళ్లకు పనికొచ్చే అమ్మలకు ఈ సంగతి ఈ వారమే చెప్పండి.