చెత్తగుట్టపై మట్టి కప్పేశారు... మరి కింద గ్యాస్ సంగతి?

పటమటలో పొద్దున్నే చెత్త బండి మోత వినగానే బకెట్ పట్టుకెళ్లి ఖాళీ చేసి వస్తాం. 2021 అక్టోబర్ 2న ఈ బండ్లకు జెండా ఊపింది మన బెంజి సర్కిల్‌ దగ్గరే. బండి సందు మలుపు తిరిగిందంటే ఇక ఆ చెత్త సంగతి మనకు పట్టదు. దాని ప్రయాణం మాత్రం అక్కడితో ఆగదు.

రాష్ట్రంలో పేరుకుపోయిన పాత చెత్త 85 లక్షల టన్నులనీ, 2025 అక్టోబర్ 2 నాటికి దాన్ని తొలగిస్తామనీ ముఖ్యమంత్రి చంద్రబాబు ప్రకటించారు. విజయవాడలోనూ అజిత్‌సింగ్‌నగర్ ఎక్సెల్ ప్లాంటు దగ్గర ఏళ్ల తరబడి పేరుకున్న గుట్టలను బయోమైనింగ్‌కు ఇచ్చారు. తవ్వి, జల్లెడ పట్టి, తరలిస్తే బెడద చాలావరకు తీరుతుంది. చదును చేసి పైన మట్టి కప్పేస్తే మాత్రం తీరదు. కాబట్టి టన్నుల లెక్కతో పాటు మనం ఇంకోటీ అడగాలి. మట్టి కింద మిగిలినదాన్ని ఎవరు, ఎప్పుడెప్పుడు తనిఖీ చేస్తున్నారు?

ఎందుకంటారా? గాలి తగలని చోట తడి చెత్త కుళ్లితే దాదాపు సగం మీథేన్, సగం కార్బన్ డయాక్సైడ్ పుడతాయి. కుళ్లిన కోడిగుడ్డు వాసనొచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా కలుస్తుంది. చెత్త వేయడం ఆపేశాక కూడా ఏళ్ల తరబడి ఇది సాగుతూనే ఉంటుంది. పైన గట్టిగా కప్పి, గ్యాస్ పోవడానికి గొట్టాలు పెట్టకపోతే అది పక్కలకు మళ్లుతుంది. ఇసుక పొరలు, మురుగు పైపులు, కేబుల్ గుంతలు... సందు దొరికితే చాలు, ఇళ్ల పునాదుల దాకా పాకుతుంది. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు.

ఇంగ్లండ్‌లోని లోస్కో ఊళ్లో ఇదే జరిగింది. ఇటుక మట్టి తవ్విన గోతిని చెత్తతో నింపి, పైన మట్టి కప్పారు. 1986 మార్చి 24 ఉదయం ఆ పక్కనే ఉన్న ఓ ఇల్లు పేలిపోయింది. ముగ్గురు తీవ్రంగా గాయపడ్డారు. ఆ రోజు 7 గంటల్లో వాతావరణ పీడనం ఏకంగా 29 మిల్లీబార్లు పడిపోయింది. పైనుంచి ఒత్తిడి తగ్గేసరికి నేలలోని గ్యాస్ ఒక్కసారిగా ఎగదన్నింది.

కృష్ణా డెల్టాలో ఉండేవాళ్లకు ఈ మాట వేరే వివరించాలా? మనకు వాయుగుండాలు కొత్తకాదు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. 2025 అక్టోబర్‌లో మొంథా నరసాపురం వైపు వచ్చింది. తుపాను వేళ పీడనం పడిపోతుంది. అదే సమయంలో వానకు పైమట్టి ముద్దయి గ్యాస్‌కు పైదారి మూసుకుంటుంది. భూగర్భజలం పెరిగి కిందనుంచి నెడుతుంది. ఇక మిగిలేది పక్కదారే. దీనికి తోడు మన నల్లరేగడి. ఎండాకాలంలో చెయ్యి దూరేంత బీటలిస్తుంది. దాన్ని కప్పుగా వాడితే ఏప్రిల్‌లో గ్యాస్ పైకి, ఆగస్టులో పక్కకు పోతుంది. అందుకే ఎండ కాసే రోజు చూసుకుని వెళ్లి ‘అంతా బాగుంది’ అని రాసుకొచ్చే తనిఖీకి పెద్ద విలువ లేదు. పీడనం పడుతున్న రోజున, గుట్ట చుట్టూ నేలలో దించిన గొట్టాల్లో మీటరు పెట్టి చూడాలి.

కప్పు సంగతి మాత్రం కంటితోనే చాలావరకు తెలుస్తుంది. బీటలు, కుంగినచోట నిలిచిన నీళ్లు, వాలున కోసుకుపోయిన మట్టి, అడుగున నల్లగా ఊరే రసం. చుట్టూ పచ్చగా ఉండి ఒక్కచోట గడ్డి మాడిపోయి ఉంటే అనుమానించాల్సిందే. వేళ్లకు ఆక్సిజన్ అందనివ్వకుండా కింద గ్యాస్ నిండి ఉండొచ్చు.

నిబంధనలు లేక కాదు. ల్యాండ్‌ఫిల్‌పై చివరి కప్పులో 60 సెంటీమీటర్ల బంకమట్టి పొర ఉండాలనీ, మీథేన్ పేలుడు హద్దులో 25 శాతం మించకూడదనీ, మూసేశాక కనీసం 15 ఏళ్లు కనిపెట్టుకుని ఉండాలనీ 2016 ఘనవ్యర్థాల నిబంధనలు చెప్పాయి. హైదరాబాద్ జవహర్‌నగర్‌లో భారీ ఖర్చుతో గుట్టను కప్పారు. అయినా దమ్మాయిగూడ వాసులకు దుర్గంధం బాధ తప్పలేదు. కప్పడం ఒక్కరోజు ప్రారంభోత్సవం. కాపాడటం పదిహేనేళ్ల పని. బడ్జెట్లలో డబ్బు దొరికేది మొదటిదానికే!

పాత డంపింగ్ యార్డు దగ్గర మీకో, మీ చుట్టాలకో ఇల్లుంటే కొన్ని గుర్తుంచుకోండి. వంటగ్యాస్ బరువైనది, నేల మీద పేరుకుంటుంది. మీథేన్ తేలిక, కప్పు కింద చేరుతుంది. నేల దగ్గర బిగించిన వంటగ్యాస్ అలారం దీన్ని పట్టలేకపోవచ్చు. పైగా మీథేన్‌కు వాసనే ఉండదు. మూసిన గదిలో కుళ్లు వాసన వస్తున్నా, ఇంట్లో ఉన్నప్పుడు తలనొప్పి, వికారం, కళ్ల మంటలు వచ్చి బయటికెళితే తగ్గుతున్నా స్విచ్చులు ముట్టుకోకుండా తలుపులు తెరిచి బయటికి రండి. 101కు ఫోన్ చేయండి. ఆయాసం వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. మ్యాన్‌హోల్‌లోకి గానీ, బోరు గుంతలోకి గానీ ఎవరినీ దించొద్దు. అక్కడ ఘాటైన వాసన ఉన్నట్టుండి పోయిందంటే గ్యాస్ పోయినట్టు కాదు. మోతాదు పెరిగితే హైడ్రోజన్ సల్ఫైడ్ ముక్కునే మొద్దుబారుస్తుంది.

నగర శివారులో స్థలం కొనేముందు గూగుల్ ఎర్త్‌లో పదిహేనేళ్ల కిందటి చిత్రం ఒకసారి తెరిచి చూడండి. అక్కడ పొలం ఉందో, గుట్ట ఉందో తెలుస్తుంది.