గృహోపకరణములు: కత్తి కొలత



క్రొత్తకాపురమునకు కావలసిన గిన్నెలను, పొయ్యిని, తిరుగలిని పదిమంది నడిగి కొనువారు కత్తి విషయమున మాత్రము విచారణ చేయరు. అంగడివాడు చూపిన వానిలో పొడవైనదానిని, మెరయుచున్నదానిని తెచ్చి యింట పెట్టుదురు. దానిని పట్టవలసిన చేయి యెవరిదో, ఎంతటిదో అడుగువారు లేరు. పిమ్మట ఆ యిల్లాలు తన చేతికి మించిన కత్తితో అల్లము చెక్కు తీయుచు, వ్రేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకొనుచు కాలము గడపును.

పెద్దకత్తియే పనిమంతుల కత్తి యను భ్రమ మనలో చాలమందికి కలదు. కత్తిని నమ్ముకొని బ్రదుకు వేటగాండ్రనే చూతము. మన దేశమున 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వలన వేట నిషిద్ధము గనుక ఈ మాట అన్యదేశముల వారిని గూర్చినదే. లేడిని కోసి శుభ్రపరచుటకు అచ్చటి అనుభవశాలురు వాడు కత్తికి, పిడి విడిచి వాదర మాత్రము కొలిచినచో, మూడు నాలుగంగుళములే యుండును. జంతువు కడుపు చీల్చునపుడు కత్తిమొన లోపల కానరాదు. చూపుడువ్రేలిని కత్తివీపుపై నుంచి, ఆ స్పర్శతోనే దానిని నడుపవలెను. మొన వ్రేలికి దూరమైన కొలది చేతికి అదుపు తప్పును; ప్రేగు తెగును; మాంసమంతయు చెడును. ఫిన్లండు దేశీయులు మొలకు కట్టుకొను సంప్రదాయపు కత్తి వాదరయు ఇంచుమించు అరచేతి వెడల్పే యుండును.

ఇంతకంటె మనకు ముచ్చట గొలుపునది మరొకటి కలదు. అలాస్కా, ఉత్తర కెనడా, గ్రీన్‌లాండు మంచునేలలలోని ఇనూయిట్ స్త్రీలకు ‘ఉలు’ అను కత్తి కలదు. ఆ మాటకు స్త్రీల కత్తి యనియే అర్థము. అది అర్ధచంద్రాకారము, పిడి వెనుక నుండక వాదరకు నడినెత్తిన నుండును. అందువలన చేతి బలము సూటిగా క్రిందికి దిగును, మణికట్టు మెలి తిరుగదు. పూర్వము దానిని పలకరాతితో చేసెడివారు, తరువాత ఉక్కుతో చేయుచున్నారు. వేటలో తెచ్చిన సీలు చర్మము నొలుచుటయు, ఆ తోలును దుస్తులకు కత్తిరించుటయు, భోజనమునకు మాంసము కోయుటయు దానితోనే. ఐనను అన్నింటికి ఒకే కొలత కాదు. నరములు తెంపుటకును, చిన్నముక్కలు తీయుటకును రెండంగుళములది చాలును. సామాన్యపు పనికి ఆరంగుళములది వాడుదురు. తల్లినుండి కూతునకు సంక్రమించు సొత్తది. నగలకంటె మిన్నయని నేననిన మీరు నవ్వుదురేమో!

ఇక మన వంటింటికి వత్తము. నాలుగు వ్రేళ్లు దగ్గరకు చేర్చి అరచేతి వెడల్పు చూచుకొనుడు. చెక్కు తీయుటకు, మిరపకాయ చీల్చుటకు, వంకాయ తొడిమ కోయుటకు అంతటి వాదర గల చాకు చాలును. పలకపై కూర తరుగుటకు ఆరు మొదలు ఎనిమిదంగుళములది కావలెను. దానికి పొడవుతోపాటు వెడల్పును చూడవలెను. ఇరుకైనదైనచో వ్రేళ్లకణుపులు పలకకు కొట్టుకొనును. పిడి మీద నాలుగు వ్రేళ్లును ఆనవలెను. తడిచేతితో పట్టి చూచి కొనుటకు మొగమాట పడరాదు. అంగడివాడు విసుగుకొన్నచో విసుగుకొననిండు. తెగునది అతని వ్రేలు కాదు.

మన కత్తిపీటది వేరు పద్ధతి. అందు కత్తి కదలదు; కాయయే కత్తి మీదికి వచ్చును; రెండు చేతులును కాయనే పట్టుకొనును. గుమ్మడికాయ, పనసకాయ వంటి మొండివానికి అంతకు మించినది లేదు. దానికి పొడవుకంటె పీట బరువును, అదరకుండుటయు ముఖ్యము. పని కాగానే ప్రక్కకు పండబెట్టవలెను, ప్రాకు బిడ్డలున్న యింట పైకెత్తి దాచవలెను.

ప్రయాణములో పండ్లకు, ప్యాకెట్ల త్రాళ్లకు చేతిసంచిలో మడతచాకు నుంచుకొనువారికి రెండున్నర అంగుళముల వాదర సమృద్ధి. తెరచినపుడు తనంత తాను మూసికొనని బందు ఉన్నదానినే కొనుడు. విమానములో అది మన దగ్గర నుండరాదు. అప్పగించు పెట్టెలోనే వేయవలెను. 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము క్రింది నిబంధనలు తొమ్మిదంగుళములకు మించి పొడవుగాని, రెండంగుళములకు మించి వెడల్పుగాని గల కత్తులను ఆయుధముల పట్టికలో చేర్చినవి. ఇంటిపనికి, వ్యవసాయమునకు ఉద్దేశించినవి అందు చేరవు.

ఆత్మరక్షణకై స్త్రీలు పెద్దకత్తి వెంట నుంచుకొనవలెనని కొందరు బోధింతురు. నాకది సమ్మతము గాదు. అభ్యాసము లేని చేతిలోని కత్తిని బలవంతుడు లాగికొనుట యెంతసేపు? కేకయు, పరుగును, పదుగురున్న చోటును అంతకంటె నమ్మదగినవి.

కొన్న కత్తిని మొద్దువారనీయకుడు. మొద్దుకత్తికి బలము హెచ్చుగా పెట్టవలెను, పెట్టిన బలము జారినపుడు చేతిమీదికే వచ్చును. అంట్లనీటిలో మాత్రము దానిని వదలకుడు; తోముటకు చేయి పెట్టువారికి అది కనబడదు.